సమాధానపడి వెళ్ళమ్మా

ఆడపిల్లలు మన దగ్గరికి వచ్చారు. పోలీసు స్టేషనుకు పోకముందు, లాయరును కలవకముందు, చాలాసార్లు తోబుట్టువులకు చెప్పుకోకముందే మన దగ్గరికి వచ్చారు. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ వెళ్ళిపోయేదాకా మందిరం అరుగు మీద కూర్చుని, పాస్టరమ్మగారు ఒంటరిగా దొరికినప్పుడు చెప్పుకున్నారు. ఉపవాస కూడికలో ప్రార్థన మనవి అడిగితే "మా ఆయన మారాలని ప్రార్థన చేయండి" అని మాత్రం అని, మిగతాది కొంగుతో కప్పుకున్నారు. మనకు అర్థమైంది. అర్థమయ్యే, పెద్దలం ఇద్దరు ముగ్గురం ఆ ఇంటికి వెళ్ళాం. అతనితో మాట్లాడాం. ఇద్దరి చేతులూ కలిపించి ప్రార్థన చేశాం. "సమాధానపడి వెళ్ళమ్మా, దేవుడే చూసుకుంటాడు" అన్నాం. మళ్ళీ వస్తే మళ్ళీ అదే మాట అన్నాం. ఆ తర్వాత ఆమె రాలేదు. రాలేదు కాబట్టి సమస్య తీరిపోయిందనుకున్నాం.

ఇది నేను బయట నిలబడి రాస్తున్నది కాదు. తెలుగు సంఘాల్లో పుట్టి, అక్కడే వాక్యం నేర్చుకుని, ఇలాంటి పంచాయితీల్లో కుర్చీ వేసుకుని కూర్చున్నవాళ్ళలో ఒకడిగా రాస్తున్నాను. బాప్తిస్మం దగ్గర మన శాఖలకు పడదు. ప్రభువు బల్ల దగ్గర, పండుగల దగ్గర పడదు. బాప్టిస్టులు, లూథరన్లు, సి.ఎస్.ఐ. వాళ్ళు, కథోలికులు, పెంతెకొస్తు వాళ్ళు, వీధికొకటిగా వెలసిన స్వతంత్ర ప్రార్థనా మందిరాలు, అందరం ఒక్క మాట మీద ఉన్నది మాత్రం ఇక్కడే: కాపురం విడిపోకూడదు. ఆ కాపురంలో మనిషి ఏమైపోతున్నదీ మనం లెక్కలోకి తీసుకోలేదు. పైగా ఈ పనంతా బైబిలు చేత్తో పట్టుకుని చేశాం. అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది అదే. ఎందుకంటే బైబిలు మనం చెప్పినట్టు చెప్పలేదు.

పెళ్ళి ప్రసంగాలు గుర్తు చేసుకోండి. ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయం తెరవని పెళ్ళి అరుదు. భార్యలు లోబడాలన్న 22వ వచనం దగ్గర బోధకుడి గొంతు పెరుగుతుంది, ఉదాహరణలు వస్తాయి, పెళ్ళికూతురి వైపు చూసి చెప్పే మాటలు వస్తాయి. దానికి ముందున్న 21వ వచనం విశ్వాసులందరినీ ఒకరికొకరు లోబడమంటుంది. అది చదవకుండానే దాటిపోతాం. 25 నుంచి భర్తకు చెప్పిన భాగం చాలా పొడవు, చాలా బరువు. క్రీస్తు సంఘం కోసం ప్రాణం పెట్టినట్టు భార్య కోసం తన్ను తాను అప్పగించుకోవాలంటాడు పౌలు. ఆ భాగాన్ని మనం రెండు మాటల్లో ముగిస్తాం. భార్యలతో కఠినంగా ఉండవద్దన్న కొలస్సీ 3:19 మీద ఒక పూర్తి ప్రసంగం మన మందిరాల్లో ఎన్నిసార్లు విన్నాం? భార్యను గౌరవించని వాడి ప్రార్థనకు అడ్డు పడుతుందని పేతురు మొదటి పత్రిక 3:7 తేటగా చెబుతుంది. ఆ ఒక్క వచనాన్ని నమ్మి ఉంటే, చేయెత్తిన వాడిని ఆ వారమే ప్రార్థన చేయమని మైకు ఇచ్చేవాళ్ళమా?

స్త్రీల కూడికల్లో సామెతలు 31 చెబుతాం. చీకటితోనే లేచి వంట చేసే, దీపం ఆరనివ్వని ఇల్లాలు. మంచిదే. అబీగయీలు గురించి చెప్పేటప్పుడు మాత్రం ఆమె తెలివినీ వినయాన్నీ పొగిడి ఆగిపోతాం. ఆమె భర్త నాబాలుకు చెప్పకుండా గాడిదల మీద ఆహారం వేయించుకుని, తన ఇంటివాళ్ళను చంపడానికి వస్తున్న దావీదుకు ఎదురు వెళ్ళింది. తన భర్త మూర్ఖుడని దావీదు ముఖం మీదే చెప్పింది. దావీదు ఆమెను తప్పుపట్టలేదు సరికదా, ఆమెను పంపిన దేవుణ్ణి స్తుతించాడు. ఇంటి గుట్టు బయటపెట్టి ఇల్లంతటి ప్రాణాలు కాపాడిన స్త్రీని లేఖనం మెచ్చుకుంటుంటే, మనం మన ఆడపిల్లలకు గుట్టు కాపాడడమే భక్తి అని నేర్పాం.

న్యాయాధిపతులు 19వ అధ్యాయం మన పీఠాల మీద నుంచి నేను వినలేదు. పిల్లల ముందు చదవలేని అధ్యాయమని పక్కన పెడతాం. కానీ అది పెద్దలు చదవాల్సిన అధ్యాయం, ముఖ్యంగా పంచాయితీ చేసే పెద్దలు. ఎఫ్రాయిము మన్యంలో ఉండే ఒక లేవీయుడి ఉపపత్ని అతన్ని వదిలి బేత్లెహేములోని పుట్టింటికి వచ్చేసింది. నాలుగు నెలలు అక్కడే ఉంది. అతడు పనివాణ్ణీ రెండు గాడిదల్నీ వెంటబెట్టుకుని, ఆమెకు నచ్చజెప్పి తీసుకుపోవడానికి వచ్చాడు. ఆ లేవీయుణ్ణి చూసి ఆమె తండ్రికి సంతోషమైంది. మూడు రోజులు ఉంచుకున్నాడు. తిన్నారు, తాగారు. నాలుగో రోజు బయలుదేరబోతే ఆపాడు, ఐదో రోజూ ఆపాడు. ఎంత మర్యాద, ఎన్ని భోజనాలు! ఈ ఐదు రోజుల్లో ఆమెను పిలిచి, "అమ్మా, ఎందుకొచ్చేశావు? మళ్ళీ వెళ్ళడం నీకిష్టమేనా?" అని అడిగినట్టు ఒక్క ముక్క కూడా లేదు. ఆ అధ్యాయం మొత్తంలో ఆమె నోటి నుంచి ఒక్క మాట కూడా రాయబడలేదు. అల్లుడూ మామా కలిసి భోంచేశారు. ఆమె అతని వెంట తిరిగి వెళ్ళింది.

ఇది చదివినప్పుడల్లా మన ఊళ్ళే కళ్ళముందు కదులుతాయి. అల్లుడొచ్చాడని కోడిని కోస్తారు. వరండాలో కుర్చీలు వేసి పెద్దల్ని పిలుస్తారు. పాస్టరయ్యగారు ప్రార్థనతో మొదలుపెడతారు. మాటలన్నీ మగవాళ్ళ మధ్యనే సాగుతాయి. "కోపంలో ఏదో జరిగింది, ఇక జరగదు" అని అల్లుడంటాడు, అతని తరఫు పెద్దమనిషి పూచీ పడతాడు. ఆమె వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఉంటుంది. చివర్లో ఒక్కసారి ఆమె వైపు తిరిగి "ఏమ్మా, సరేనా?" అంటాం. అంతమంది ముందు ఆ ప్రశ్నకు ఒకే జవాబు ఉంటుందని మనకు తెలుసు. తెలిసే అడుగుతాం.

బేత్లెహేము నుంచి వెళ్ళిన దారిలో గిబియా ఊళ్ళో ఏం జరిగిందో ఆ అధ్యాయంలో ఉంది. ఇంటి చుట్టూ మూగిన దుర్మార్గుల చేతికి ఆ లేవీయుడే ఆమెను బయటికి తోశాడు. తెల్లవారి గడప మీద పడి ఉన్న మనిషితో "లే, పోదాం" అన్నాడు. ఆ తర్వాతి అధ్యాయం ఇంకా భయంకరం నాకు. ఇశ్రాయేలు సమాజమంతా కూడినప్పుడు అతడు లేచి జరిగింది చెబుతాడు. ఊరివాళ్ళు తనను చంపజూశారనీ, ఆమెను చెరిపి చంపారనీ చెబుతాడు. ఆమెను తానే బయటికి నెట్టిన సంగతి చెప్పడు. సమాజంలో ఒక్కరూ అడగరు. అతడి మాటే నమ్ముతారు. అతడు లేవీయుడు, దేవుని సేవకు ఏర్పరచబడిన గోత్రంవాడు. ఈ సాక్ష్యాన్ని బైబిలు అక్షరం పొల్లుపోకుండా రాసి పెట్టింది. మన సంఘాల మినిట్స్ పుస్తకాల్లో అలాంటివి రాసే ధైర్యం మనకు లేకపోయింది.

దావీదు ఇంట్లోనూ ఇదే. తామారుకు అన్న వరసైన అమ్నోను ఆమెను చెరిపాడు. తోడబుట్టిన అబ్షాలోము ఆమెను ఓదార్చిన తీరు చూడండి: వాడు నీ అన్నే కదా, ఊరుకో, మనసులో పెట్టుకోకు అన్నాడు. దావీదుకు విని చాలా కోపమొచ్చింది. కొడుకును ఏమీ అనలేదు. మనకూ కోపం వచ్చిన సందర్భాలున్నాయి. కోపంతోనే ఇంటికి వెళ్ళి పడుకున్నాం.

విడాకులు దేవునికి అసహ్యమని మలాకీ 2:16 మనందరికీ కంఠతా వచ్చు. ఆ వచనం అక్కడితో ఆగదు. బలాత్కారాన్ని వస్త్రంలా కప్పుకునేవాడు కూడా అసహ్యుడని అదే వచనంలో ఉంది. దానికి రెండు మూడు వచనాల ముందు, బలిపీఠం కన్నీళ్ళతో తడిసిపోయిందనీ, అందుకే మీ కానుక అంగీకరించననీ దేవుడు చెబుతున్నాడు. ఎందుకంటే యవ్వనకాలపు భార్యకు ద్రోహం జరిగిన చోట ఆయనే సాక్షిగా నిలబడ్డాడు. సగం వచనం ఆమెకు అప్పగించి, మిగతా సగం అతనికి చెప్పకుండా దాచిపెట్టాం. నిర్గమకాండం 21:10, 11లో దాసిగా వచ్చి భార్యయైన స్త్రీకి కూడా తిండి, బట్ట, దాంపత్య హక్కు తగ్గించకూడదని ఉంది. ఇవి ఇవ్వకపోతే ఆమె ఏమీ చెల్లించకుండా స్వేచ్ఛగా వెళ్ళిపోవచ్చని ఉంది. దాసికే ఆ హక్కు ఉందంటే, మందిరంలో ప్రమాణం చేయించి అప్పగించిన మన కూతురికి లేదని ఎలా చెప్పగలిగాం?

మనకు దారి వెతకడం రాక కాదు. అవసరమైనప్పుడు వెతికాం. 1866లో, క్రైస్తవుడిగా మారినందుకు భార్యో భర్తో కాపురానికి రాకపోతే, మారినవారు విడిపోయి మళ్ళీ పెళ్ళి చేసుకునేందుకు బ్రిటిషు ప్రభుత్వం ఒక చట్టం చేసింది. అవిశ్వాసి ఎడబాస్తే ఎడబాయనివ్వండి, సహోదరుడైనా సహోదరి అయినా బంధంలో లేరన్న 1 కొరింథీ 7:15 ఆలోచనే ఆ చట్టానికీ పునాది. సంఘం పెరగడానికి అడ్డమైనప్పుడు పెళ్ళి బంధం సడలించవచ్చని ఒప్పుకున్నాం. ఆడపిల్ల ఎముక విరిగినప్పుడు మాత్రం అదే బంధం ఇనుపదైపోయింది.

ఆ తర్వాత మూడేళ్ళకు, 1869లో వచ్చిన భారతీయ విడాకుల చట్టం క్రైస్తవ స్త్రీలను ఏం చేసిందో మన బోధకుల్లో ఎంతమందికి తెలుసు? భర్త విడాకులు కోరాలంటే భార్య వ్యభిచారం చేసిందని రుజువు చేస్తే చాలు. భార్య కోరితే భర్త వ్యభిచారం ఒక్కటే చాలదు, దానికి తోడు క్రూరత్వమో, రెండేళ్ళు వదిలేయడమో రుజువు చేయాలి. ఒక్క క్రూరత్వం మీద ఆమెకు విడిగా బతకడానికి అనుమతి దొరుకుతుందే గానీ విడాకులు దొరకవు. జిల్లా కోర్టు విడాకులిచ్చినా హైకోర్టు ఖరారు చేయాలి. కేసు నడుస్తున్నన్నాళ్ళూ ఇచ్చే భరణం భర్త ఆదాయంలో ఐదో వంతు దాటకూడదు. 1995లో కేరళ హైకోర్టు ఫుల్ బెంచి ఇందులో కొంత కొట్టేసింది. పార్లమెంటు సవరించింది 2001లో. 132 సంవత్సరాలు! మన అమ్మమ్మలు, వాళ్ళ అమ్మలు, మన అక్కలు ఆ చట్టం కిందే కాపురాలు చేశారు. క్రైస్తవ స్త్రీల సంస్థలు ఢిల్లీ దాకా తిరిగి పోరాడుతున్నప్పుడు మన మందిరాల్లో ఆ మాటే రాలేదు. ఎన్నికలప్పుడు ఎవరికి ఓటేయాలో చెప్పిన పీఠం మీద నుంచి, 2005 గృహహింస చట్టం కింద దెబ్బలు తింటున్న భార్య అదే ఇంట్లో ఉండే హక్కు అడగవచ్చని చెప్పలేకపోయాం. కథోలిక సంఘ ధర్మశాస్త్రం 1153వ నియమం ప్రాణానికో మనసుకో తీవ్రమైన ముప్పు ఉంటే, ఆలస్యం ప్రమాదమైతే, ఎవరి అనుమతి కోసమూ ఆగకుండా విడిగా వెళ్ళిపోవచ్చంటుంది. వివాహ బంధం తెగదని అంత గట్టిగా చెప్పే సంఘమే ఆ తలుపు తెరిచి ఉంచింది. ఆ తలుపు ఉందని విచారణల్లోని (పారిష్‌ల్లోని) స్త్రీలకు చెప్పినవాళ్ళెవరు?

కట్నం దగ్గరికి వస్తే మన చరిత్రే మనల్ని సిగ్గుపరుస్తుంది. 1878 జూలైలో ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని గర్వంగా చెప్పుకుంటాం. వాళ్ళలో ఎక్కువమంది మాదిగ పల్లెల వాళ్ళు. ఆ పల్లెల్లో అప్పటికి ఉన్న ఆచారం ఓలి: పెళ్ళికొడుకు వాళ్ళే పిల్ల పుట్టింటికి ఇచ్చుకునేవాళ్ళు. పొసగకపోతే కులపెద్దల ముందు తెంచుకుని మారుమనువు వెళ్ళే దారి కూడా ఆడదానికి ఉండేది. ఆ రోజులు ఆడవాళ్ళకు సుఖమైనవని నేను అనను. కానీ మిషను బడులు వచ్చి, మనకు చదువులొచ్చి, టీచరు ఉద్యోగం, రైల్వే ఉద్యోగం, ఆ తర్వాత సాఫ్ట్‌వేరు ఉద్యోగం వచ్చాక మనం నేర్చుకున్న మొదటి పెద్దరికాల్లో కట్నం ఒకటి. దానికి పేరు మార్చుకున్నాం. "మేం ఏమీ అడగం, మీ పిల్లకు మీరు పెట్టుకునేది మీ ఇష్టం." ఆ ఇష్టం ఎంతో మధ్యవర్తి ముందే చెబుతాడు. 1961 నుంచి అది నేరం. ఆ డబ్బు చేతులు మారిన వారంలోనే పెళ్ళి ప్రకటన చదువుతాం. మూడు ఆదివారాలు, ఈ వివాహానికి ఆటంకమేమైనా ఉంటే తెలియజేయండని అడుగుతాం. కట్నాన్ని ఆటంకంగా ఎవరూ లేచి చెప్పలేదు, మనం చెప్పనివ్వలేదు.

ఆదికాండం 31వ అధ్యాయంలో లేయా, రాహేలు ఇద్దరూ కలిసి కన్నతండ్రి మీద చేసిన నేరారోపణ ఉంది. మా నాన్న మమ్మల్ని అమ్మేశాడు, మాకు రావలసిన సొమ్ము తానే తినేశాడు, ఆ ఇంట్లో మేం పరాయివాళ్ళం అంటారు. యాకోబు రాహేలు కోసం ఏడేళ్ళు, మళ్ళీ ఏడేళ్ళు పనిచేశాడని యవ్వనస్తుల కూడికల్లో ప్రేమకథగా చెబుతాం. ఆ ఇద్దరు అక్కచెల్లెళ్ళ మాట చెప్పం. మనకు వర్తించే 1925 వారసత్వ చట్టం వీలునామా లేకపోతే కొడుక్కీ కూతురికీ సమానంగా పంచమంటుంది. పెళ్ళిలో పెట్టేశాం కదా అని ఆ వాటా ఎగ్గొట్టే తండ్రుల్లో సంఘ కోశాధికారులున్నారు, బోధకులున్నారు. వాటా ఉన్న కూతురు కొట్టే మొగుడి దగ్గరికి తిరిగి వెళ్ళాల్సిన అవసరం తక్కువ. పుట్టింటి గడప మీద ఆమెను బరువుగా మార్చింది మనమే.

మరో మాట. పురుషుడు తల్లిని తండ్రిని విడిచి భార్యను హత్తుకుంటాడని ఆదికాండం 2:24. శుభలేఖల మీద వేసుకుంటాం. విడిచి వచ్చేది మాత్రం ఆడపిల్లే. అత్తమామల మధ్య, ఆడబిడ్డల మధ్య ఆమె నలిగిపోతుంటే, ఆ వచనం అబ్బాయికి చెప్పిందని గుర్తు చేసిన పెద్దమనిషి లేడు.

కులం సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు, అందరికీ తెలుసు. మాల క్రైస్తవులు మాదిగ క్రైస్తవులకు పిల్లనివ్వరు. రెడ్డి కథోలికులు, కమ్మ కథోలికులు తమలో తాము చూసుకుంటారు. కూషు దేశపు స్త్రీని పెళ్ళాడినందుకు మోషేను తప్పుపట్టిన మిర్యాము కుష్ఠుతో పాళెం బయట ఉండవలసి వచ్చింది. మన సంఘాల్లో కులం దాటి పెళ్ళాడిన జంటే బయట ఉంటోంది.

ఇక క్రమశిక్షణ. ఇది అన్నిటికంటే నన్ను నిద్రపోనివ్వని విషయం. ప్రభువు బల్లకు ఎవరు రాకూడదో నిర్ణయించే అధికారం మనం వాడుకుంటూనే ఉన్నాం. ఇంట్లో చెప్పకుండా పెళ్ళి చేసుకున్న అమ్మాయిని ఆపాం. భర్తను వదిలి వచ్చిన ఆమెను పాటల బృందంలోంచి తీసేశాం. విడాకులైన తర్వాత మళ్ళీ పెళ్ళాడిన ఆమెకు రొట్టె, ద్రాక్షారసం అందించలేదు. 1 కొరింథీ 5:11లో పౌలు పేర్లు పెట్టి చెప్పిన జాబితాలో తిట్టుబోతు ఉన్నాడు, తాగుబోతు ఉన్నాడు, దోచుకునేవాడు ఉన్నాడు. అలాంటివాడు సహోదరుడనిపించుకుంటే వాడితో కలిసి భోజనం కూడా చేయవద్దంటాడు. భార్యను తిట్టి, తాగి, ఆమె జీతం లాక్కునే మగవాణ్ణి వర్ణించమంటే ఇంతకంటే ఏం రాస్తాం? అయినా అలాంటివాణ్ణి బల్ల దగ్గర ఆపిన సంఘాన్ని నేను చూడలేదు. అధ్యక్షుడు కొట్టేవాడు కాకూడదని 1 తిమోతి 3:3. పెద్దల్ని ఎన్నుకునేటప్పుడు దశమభాగం ఎంతిస్తాడు, ఊళ్ళో పలుకుబడి ఎంత అని చూశాం. అతని భార్యను ఒంటరిగా కూర్చోబెట్టి ఒక్క ప్రశ్న అడగలేదు. 2013లో నంద్యాల అధ్యక్ష మండలంలో ఒక స్త్రీ బిషప్పుగా అభిషేకం పొందారు, సి.ఎస్.ఐ. చరిత్రలో మొదటిసారి. మన పేటల్లో కాపురాల పంచాయితీ కుర్చీలు మాత్రం ఇప్పటికీ మగవాళ్ళవే.

ఆ కుర్చీల పక్కన మంచినీళ్ళు అందించే పాస్టరమ్మగారి గురించి కూడా చెప్పాలి. ఊరందరి కష్టాలు వినేది ఆమే. ఆమె కష్టం ఎవరికి చెప్పుకుంటుంది? చెబితే సేవ పాడవుతుంది, సంఘం చీలుతుంది, ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తుంది, ఎందుకంటే ఆ ఇల్లు మందిరానిది. ఏళ్ళ తరబడి పొడుగు చేతుల జాకెట్టుతో ముందు వరుసలో కూర్చున్న తల్లులను మనం భక్తిగల స్త్రీలుగా చూశాం. వాళ్ళు అడగడానికి వీల్లేని స్థితిని మనమే ఏర్పాటు చేశాం.

గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి కువైట్ వెళ్ళి ఇళ్ళలో పనిచేస్తున్న ఆడవాళ్ళు పంపిన డబ్బుతో స్లాబు పడిన ఇళ్ళున్నాయి, మందిరాలున్నాయి. ఆమె వీసాకు ప్రార్థన చేశాం, ఆమె పంపిన కానుకకు స్తోత్రం చెప్పాం. భార్యాభర్తలు ఎక్కువకాలం ఎడంగా ఉండవద్దన్న 1 కొరింథీ 7:5 ఆ ఇంటికి వెళ్ళినప్పుడు మనకు గుర్తు రాలేదు. ఇక్కడ మిగిలిపోయిన భర్త ఎలా ఉన్నాడో, పిల్లలు ఎవరి దగ్గర ఎలా ఉన్నారో, ఆ డబ్బు ఏమవుతోందో కనుక్కోలేదు. ఆమె తిరిగొచ్చాక కాపురం నిలవకపోతే తప్పు ఆమె మీదే వేశాం.

మగపిల్లలకూ మనం అన్యాయమే చేశాం. పెళ్ళికి ముందు రోజు పాస్టరుగారి దగ్గర పావుగంట, అంతే వాళ్ళకు దొరికిన బోధ. కోపం ఎలా దించుకోవాలో, అప్పు గురించి భార్యతో ఎలా మాట్లాడాలో, పిల్లలు పుట్టకపోతే తానూ పరీక్ష చేయించుకోవాలని, తండ్రి చేసిందే తాను చేయక్కర్లేదని ఎవరూ చెప్పలేదు. శిరస్సు నువ్వే అని చెప్పి పంపాం. తాగుడు మానలేక తనంతట తాను సాయం అడిగినవాడికి ఒక నూనె సీసా, ఒక ప్రార్థన ఇచ్చి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళకుండా వదిలేశాం.

కొన్ని ఇళ్ళలో, చావుదాకా అని మనం చేయించిన ప్రమాణం ఆమె చావుతోనే ముగిసింది. భూస్థాపన కార్యక్రమంలో వాక్యం చెప్పింది మనమే. ఎంతో సహనం గల తల్లి అన్నాం. ఏం సహించిందో మనకు తెలుసు.

1872 క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం మనం జరిపించిన ప్రతి పెళ్ళికీ రిజిస్టరు ఉంది. బీరువాలో, తాళం వేసి ఉంది. వచ్చే సర్వసభ్య సమావేశంలో పెయింటింగు ఖర్చుల కంటే ముందు ఆ పుస్తకం బల్ల మీదికి రావాలని అడుగుతున్నాను. ఒక్కొక్క పేరు చదివి, ఈమె ఇప్పుడెక్కడుంది అని అడగాలి. మన దగ్గరికి వచ్చి చెప్పుకున్నవాళ్ళెవరో పెద్దలకు తెలుసు. కొందరు వేరే మందిరానికి వెళ్ళిపోయారు, కొందరు ఏ మందిరానికీ వెళ్ళడం లేదు, కొందరు ఇంకా ఆ ఇళ్ళలోనే ఉన్నారు. ముందుగా ఇంకా ఆ ఇళ్ళలో ఉన్నవాళ్ళ దగ్గరికి స్త్రీలు వెళ్ళాలి, భర్త లేని వేళ చూసుకుని. బైబిలు తెరవకుండా ముందు విని రావాలి. ఆమె బయటికి వస్తానంటే ఉండడానికి సంఘంలో ఏ ఇంట్లో గది ఉందో, లాయరు ఫీజు ఏ నిధి నుంచి ఇవ్వాలో వెళ్ళేముందే తేల్చుకోవాలి. మందిరానికి రావడం మానేసిన వాళ్ళ దగ్గరికి పెద్దలమే వెళ్ళాలి. మళ్ళీ రమ్మని అడగడానికి మనకు నోరు లేదు. ఆ రోజు మేం చెప్పింది దేవుని మాట కాదమ్మా, మా మాట అని చెప్పి రావాలి.